మేస్త్రి ఎరుపు

పదిన్నర దాటి అయిదు నిమిషాలు, అంతే. ఆ అయిదు నిమిషాలు ముందు బస్సు దిగివుంటే చెంగల్రాయుడు నేరుగా నా రంగుల షెడ్డులోకి వచ్చేవాడు, తన మోటారు సైకిలు ట్యాంకు మీద గుడ్డ తీసి చూసేవాడు, బాగుందనో బాగాలేదనో ఒక మాట అనేసి బండి తోలుకుని చిత్తూరికి పోయేవాడు, నాకీ పీడ విరగడయ్యేది. చంద్రగిరి దగ్గర బస్సుకు టైరు మార్చారట. ఈయన మా వాకిట్లోకి వచ్చేసరికి శుక్రవారం రాహుకాలం తగులుకుంది. గడప లోపల ఒక కాలు పెట్టినవాడు చేతి గడియారం చూసుకుని ఆ కాలు వెనక్కి తీసేసుకున్నాడు. తల గోడవైపు తిప్పుకుని, "రాహుకాలంలో కొత్త రంగు నేను సూడనప్పా. పన్నెండు కానీ. అంతదాకా గుడ్డ తీయబాకు," అని రోడ్డు దాటి, ఎదురుగా చిన్నబ్బ టీ కొట్టులో, మా షెడ్డు వైపు వీపు పెట్టి బెంచీ మీద కూర్చున్నాడు. వీపు పెడితే మాత్రం ఏమైంది, ఆ వీపే నన్ను చూస్తోంది. తెల్ల చొక్కా, భుజాన మడిచిన తువ్వాలు, కాలు మీద కాలు, పైకాలు ఊపుతూనే ఉన్నాడు. గంటన్నర సేపు ఊపుతాడు కాబోలు. తప్పు చేసినవాడికి కూడా వెంటనే శిక్ష పడితే బాగుంటుంది, ఈ కూర్చోబెట్టడమేమిటి? తప్పు అంటే, నేనేదో తప్పు చేశానని కాదు. రంగు బాగానే ఉంది. ఉదాహరణకు అన్నాను.

గుడ్డ తీయొద్దన్నది ఆయన కంట పడకూడదని, నేను చూడకూడదని కాదు కదా. ఇప్పటికి నాలుగుసార్లు తీశాను. తీసిన ప్రతిసారీ సరిగ్గానే ఉంది. సరిగ్గా ఉన్నదాన్ని ఇన్నిసార్లు ఎందుకు చూస్తున్నానో ఆ పద్మావతమ్మకే తెలియాలి. బండి స్టాండు మీద నిలబడి ఉంది, సీటు కింద అటొకటి ఇటొకటి రెండు పక్క డబ్బాలు, ముందు ట్యాంకు. డబ్బాలు రెండూ మా ఏకాంబరం మేస్త్రి డెబ్బై అయిదులో, తొమ్మిదేళ్ళ కింద, చిత్తూరులో కొట్టిన ఎరుపు. ట్యాంకు నిన్న నేను కొట్టిన ఎరుపు. సంతలో ఎద్దులబండి కాడి తగిలి ట్యాంకు సొట్టపోయింది, డబ్బాలకు గీత కూడా పడలేదు, అదే నా ఖర్మ. మూడింటికీ తగిలివుంటే మూడూ గీకి మూడూ కొత్తగా కొట్టేవాణ్ణి, దేనికీ దేనితో పోలిక ఉండేది కాదు. పోనీ ఇది మామూలు ఎరుపా అంటే అదీ కాదు. మామూలు ఎరుపైతే రంగు డబ్బా మూత తీసి కొట్టడమే. ఇది క్యాండీ ఎరుపు. కింద వెండి రంగు, దాని మీద గాజు లాంటి పల్చటి ఎరుపు, కోటింగు మీద కోటింగు. ఎండ ఆ ఎరుపు గుండా లోపలికి పోయి కింది వెండికి తగిలి మళ్ళీ బయటికి వస్తేనే అది రంగు. ఒక కోటింగు తక్కువైతే వెలవెలబోతుంది, ఒకటి ఎక్కువైతే మాడిన పాకం. తక్కువైతే ఇంకొకటి కొట్టుకోవచ్చు. ఎక్కువైతే వెనక్కి తీసుకునే దారి లేదు, ఉప్పు కాగితం పట్టి రేకు దాకా గీకి మొదటి నుంచి రావాల్సిందే. మా మేస్త్రి బతికినన్నాళ్ళూ ఇలాంటి పనులు తప్ప వేరే పని నేర్పలేదు నాకు, ఆయన ఆత్మ చల్లగా ఉండాలి.

మేస్త్రి లెక్క ఏడు కోటింగులు. కొండలు ఏడు కాబట్టి కోటింగులూ ఏడు, ఆరు కాదు, ఎనిమిది కాదు. చేయి ఎంత వేగంగా కదలాలనే దానికి కూడా ఆయన దగ్గర గడియారం లేదు, గోవింద నామమే గడియారం. రంగు చల్లే గన్ను ట్యాంకు ఈ చివర ఉన్నప్పుడు లోపల్లోపల గోవిందా అని మొదలుపెట్టాలి, ఆ చివరికి చేరేసరికి పూర్తికావాలి. గబగబా అన్నావా రంగు సరిగా పడదు, సాగదీశావా కారిపోతుంది. పదకొండు గోవిందలు ఒక కోటింగు. అది ఆరాక మళ్ళీ పదకొండు. గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకుందామంటే ఒప్పుకునేవాడు కాదు, బొగ్గు వేలికి అంటి రంగులో పడుతుందని. లెక్క నాలుక మీదే ఉండాలి. ముప్పై ఏళ్ళు ఉంది కూడా. నిన్న ఆరో కోటింగులో ఉన్నాను, ఆరోదే అనుకుంటాను, కొండ దిగి తిరుచానూరు అమ్మవారి దగ్గరికి పోతున్న గుంపొకటి రోడ్డు మీదికి వచ్చింది. అందరివీ గుండ్లు, గుండ్లకు గంధం. ముందు నడిచే పెద్దాయన ఏడుకొండలవాడా అంటాడు, వెనక వంద గొంతులు గోవిందా గోవిందా అంటాయి. నా గోవింద వాళ్ళ గోవిందలో కలిసిపోయింది. నేనన్నది ఏది, వాళ్ళన్నది ఏది? చేయి వాళ్ళ గొంతు వెంట పోయింది. వాళ్ళు మలుపు తిరిగాక చూసుకుంటే నోట్లో లెక్క లేదు. ఆరు అయ్యాయా, ఏడు అయ్యాయా? ఎందుకైనా మంచిదని ఇంకొకటి కొట్టాను. ఎందుకైనా మంచిదని చేసిన పని ఎప్పుడైనా మంచికి వచ్చిందా? తిరుపతిలో కాపురముండి దేవుడి పేరు వినబడిందని విసుక్కునేవాణ్ణి నేనొక్కణ్ణే అయివుంటాను.

అయినా లెక్క తప్పితే కన్ను లేదా? కన్ను బాగుందన్నాక లెక్కతో పనేముంది. మేస్త్రి బండ్లలోకి రాకముందు చిత్తూరు కోర్టు దగ్గర వకీళ్ళకు బోర్డులు రాసేవాడు, అందుకని ఆయన ఏం చెప్పినా కోర్టు భాషలోనే చెప్పేవాడు. కుడి చేతి గుప్పిట మధ్యలో చిన్న సందు వచ్చేట్టు మడిచి, గొట్టం మాదిరి కుడి కంటికి ఆనించుకుని, ఎడమ కన్ను గట్టిగా మూసుకుని, ఆ సందులోంచి రంగు చూడాలి. అప్పుడు పక్కనున్న గోడ రంగు, చొక్కా రంగు, ఆకాశం రంగు వచ్చి అడ్డం పడవు, ఒక్క రంగే కనబడుతుంది. "డేయ్ వరదా, రంగు సూసేదానికి ఒక కన్ను సాలు," అనేవాడు. "రెండు కండ్లంటే ఇద్దరు సాక్షులు. ఇద్దరు సాక్షులుంటే కేసు నిలవదు రా." పదహారో ఏట విన్నాను ఆ మాట. అప్పటి నుంచి రంగు డబ్బా దగ్గరికి పోతే చాలు నా ఎడమ కన్ను దానంతటదే మూసుకుపోతుంది. ఆ కంటి కింద నాలుగు ముడతలు పడ్డాయి, కుడి కంటి కింద ఒకటీ లేదు. మునిరత్నమ్మ అప్పుడప్పుడు నవ్వుతుంది, ఒక పక్క ముసలోడివి, ఒక పక్క పెండ్లికొడుకువి అని. పెళ్ళయి ఇరవై రెండేళ్ళయినా ఆమెకు నన్ను ఏమీ అనకుండా రోజు గడవదు.

పదకొండూ పది. చిన్నబ్బ రెండో టీ ఇచ్చాడు ఆయనకు. కాలు మార్చాడు, ఇప్పుడు ఎడమకాలు ఊపుతున్నాడు. ఈ చెంగల్రాయుడు ఎవరో ఊరికే పోయే మనిషి అయితే నాకింత బాధ లేదు. బండికి ఎరుపు ఉండాలి, మెరవాలి, అంతటితో పోయేవాళ్ళు బోలెడుమంది. ఈయనకు చిత్తూరులో బెల్లం మండీ. పొద్దున లేస్తే బెల్లం అచ్చు పగలగొట్టి, ముక్క ఎండకు పట్టి చూసి, ఇది నల్లరేగడి చెరకు, ఇది ఎర్రనేల చెరకు, ఇందులో సున్నం ఎక్కువ పడింది, ఇది మాడింది అని చెప్పే మనిషి. ఆ కంటి ముందు పెట్టాలి నేను. పది రోజుల కింద బండి ఇక్కడ దించినప్పుడే చెప్పాడు. "మీ మేస్త్రి చేతి రంగప్పా ఇది. ఆయన లేడు. పట్టలేకుంటే ఇప్పుడే చెప్పు, మద్రాసుకు తీసకపోతాను." ఆ ఒక్క మాటకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను పట్టకుంటే ఇంకెవడు పడతాడు అన్నాను. అనకుండా ఉండాల్సింది. అన్నాను కాబట్టి ఇప్పుడు పట్టి తీరాలి, పట్టలేకపోతే పోయేది ట్యాంకు కాదు. ఏకాంబరం మేస్త్రి శిష్యుడు వరదయ్య అనే పేరు ఒకటి ఉంది, రేణిగుంట నుంచి చిత్తూరు దాకా మెకానిక్కులందరికీ తెలిసిన పేరు, అది పోతుంది. సోమవారం కూర్చుని కలిపాను. మద్రాసు నుంచి తెప్పించిన ఎరుపు ఎందుకో చప్పగా అనిపించింది, చుక్క పసుపు వేశాను. వేసినా వేసినట్టు తెలియలేదు. ఇంకో చుక్క వేశాను. అదీ తెలియలేదు. ఆరో చుక్కకు గుప్పిటలోంచి చూస్తే పక్క డబ్బా మీది పాత రంగూ ఈ కొత్త రంగూ ఒకటే. గీత పెట్టి విడదీయలేనంతగా ఒకటే. ఆ కంపెనీ వాళ్ళు రంగులో కల్తీ చేస్తున్నారని అప్పుడే అనుకున్నాను, ఆరు చుక్కలు పడితేగాని పసుపు తెలియని ఎరుపు ఎక్కడైనా ఉంటుందా?

అసలు నా పొద్దు పాడుచేసింది చెంగల్రాయుడు కాదు, మునిరత్నమ్మ. తెల్లవారుజామున గుడి దగ్గర అమ్మే పూలు తెచ్చుకోవడానికి పోతూ షెడ్డులోంచి నడిచింది, శుక్రవారం కదా, తిరుచానూరులో పూలు నిలవవు. ట్యాంకు దగ్గర ఒక క్షణం ఆగి, "ఇదేందయ్యా, కొంచెం నల్లబడినట్టుండాదే," అంది. నేను పళ్ళు తోముకుంటున్నాను. నోట్లో నురగ ఊసి మరీ తిట్టాను. పూలు కట్టుకునేదానివి నీకు రంగులేం తెలుసు, పో అన్నాను. పోయింది. అదీ ఒక రకం తిట్టే ఆమెది. ఉగాది నుంచి ఇదే రంపపుకోత నాకు. మజ్జిగ గ్లాసు పక్కన ఒలికిందంటే కన్ను, పొరుగింటి చంద్రకాంతమ్మను గుర్తుపట్టలేదంటే కన్ను, సాయంత్రం లారీ దీపాలకు నేను పక్కకు తప్పుకుంటే కన్ను. కంటాసుపత్రిలో సూపించుకో, సూపించుకో, సూపించుకో. కుడి కన్ను కాస్త మసకగా ఉంటుంది, ఎవరు కాదన్నారు? ముప్పై ఏళ్ళు థిన్నరు ఆవిరిలో నిలబడినవాడికి మసక కాక మల్లెపూలు కనబడతాయా? రెండు రోజులు గన్ను పట్టకుంటే అదే పోతుంది. పోవడం లేదు, సరే, రెండు రోజులు నేను ఎప్పుడు ఖాళీగా ఉన్నాను పోవడానికి?

ఖాళీగా ఉండడం మేస్త్రికే చెల్లింది. చివరి రెండేళ్ళు ఆయన చేసిన పని ఏముంది? నలుపు. ఏ బండి వచ్చినా నలుపే కొట్టేవాడు. ఎరుపు కావాలి, నీలం కావాలి అని ఎవరైనా అంటే, "తిరపతిలో మా వరదడుండాడు, ఆడికి పో," అనేవాడట. వాళ్ళు బండ్లు వేసుకుని ఇంత దూరం వచ్చేవాళ్ళు. ముసలాయనకు సోమరితనం పట్టుకుంది, చేతగాని పనులన్నీ నా నెత్తిన పెడుతున్నాడు అని విసుక్కునేవాణ్ణి. ఒకసారి చిత్తూరు పోయినప్పుడు అడిగాను కూడా, ఏం మేస్త్రీ, రంగులన్నీ నాకు రాసిచ్చేశావా అని. నవ్వాడు. "నలుపులో పోలిక తేవాల్సిన పని లేదు రా, నలుపు నలుపే," అన్నాడు. అప్పుడు ఆయన నా ముఖం చూసి నవ్వలేదు, నా భుజానికి కొంచెం అవతల చూసి నవ్వాడు. ఇప్పుడెందుకో గుర్తొస్తోంది ఆ భుజం సంగతి.

పదకొండున్నర. రేకుల షెడ్డు, కాలిపోతోంది. చెమట. నుదురు తుడుచుకుందామని చేతికందిన గుడ్డ తీసుకున్నాను, అది గన్ను తుడిచిన గుడ్డ, దాని నిండా థిన్నరు. కుడి కంట్లో నిప్పు పడ్డట్టయింది. ఏ గుడ్డ ఎక్కడ పెట్టానో తెలియని ఈ బతుకు కూడా ఒక బతుకేనా అని తిట్టుకుంటూ, ఆ కన్ను అరచేత్తో గట్టిగా మూసుకుని, నీళ్ళకుండ కోసం నడిచాను. కుండ బండికి అవతల ఉంది. ట్యాంకు మీద గుడ్డ అయిదోసారి తీసి కప్పడం మరిచిపోయానేమో, అలాగే ఉంది. పైరేకు సందులోంచి ఎండ ట్యాంకు మీదా డబ్బా మీదా ఒకే పట్టీగా పడుతోంది. ఎడమ కంటితో చూశాను. చూద్దామని కాదు, తగలకుండా నడవడానికి. నిలబడిపోయాను. డబ్బా ఎరుపు లోపల దీపం పెట్టినట్టు ఉంది. ట్యాంకు ఎరుపు ఇటుక. మాడిన ఇటుక. ఎవరో రెండు వేరే బండ్ల ముక్కలు తెచ్చి ఒకే బండికి బిగించినట్టు ఉంది.

కన్ను కడుక్కున్నాను. మళ్ళీ వచ్చాను. మంట తగ్గాక ఎప్పటిలాగే గుప్పిట పట్టి, ఎడమ కన్ను మూసి, కుడి కంటితో చూశాను. రెండూ ఒకటే. ఏమీ తేడా లేదు, చక్కగా ఉంది. చెయ్యి మార్చి, కుడి కన్ను మూసి, ఎడమ కంటితో చూశాను. ఇటుక. మళ్ళీ కుడి. ఒకటే. మళ్ళీ ఎడమ. ఇటుక. పిచ్చివాడిలా ఎన్నిసార్లు చూశానో తెలియదు, ఆ లెక్కా తప్పాను. అంటే ఆ గుంపు తప్పు కాదు, వాళ్ళ గోవింద తప్పు కాదు, కంపెనీ కల్తీ కాదు. ఆరు చుక్కల పసుపూ పడింది, పడినట్టు నాకే తెలియలేదు. తెల్లటి గోడను కుడి కంటితో చూశాను, పాత కాగితం రంగు. ఎడమ కంటితో చూశాను, గోడ తెల్లగా ఉంది. ఎన్నాళ్ళ నుంచి నా గోడ ఈ రంగులో ఉంది? ఎన్ని ట్యాంకులు, ఎన్ని మడ్‌గార్డులు, ఎంతమంది నా ముఖాన అనలేక తీసుకుపోయారు? ముప్పై ఏళ్ళుగా ఒక్క సాక్షినే పిలిచాను, రెండోవాణ్ణి గుమ్మం బయటే నిలబెట్టాను, ఇప్పుడు చూస్తే మొదటివాడికి ఎప్పుడో చూపు తప్పింది. మేస్త్రి కూడా ఇంతే. నలుపు నలుపే అన్నది ఇందుకే. నా భుజం అవతల చూసి నవ్వింది ఇందుకే. కనబడటం లేదురా వరదా అని ఒక్క మాట చెప్పి చావొచ్చు కదా ముసలాయన. చెప్పలేదు. సిగ్గు. నాకు కోపం వచ్చింది, ఆయన మీద వచ్చింది, ఆ వెంటనే భయం వేసింది. గుడ్డ కప్పేస్తే? కప్పి, ట్యాంకును ఆ నీడవైపు తిప్పి పెడితే? నీడలో కాస్త కలిసిపోతుంది. ఆయన చిత్తూరు చేరేదాకా తెలియకపోవచ్చు. బండిని నీడలోకి తోయడానికి హ్యాండిల్ పట్టుకున్నాను కూడా.

అప్పుడే పక్క సందులోంచి మునిరత్నమ్మ వచ్చింది. నెత్తిన పూలబుట్ట, నడుముకు తడి గుడ్డ. శుక్రవారం గన్నుకు గాలి కొట్టే కంప్రెసరుకు ఒక మూర పూలు వేసి పోవడం ఆమె అలవాటు. నా ముఖం చూడకుండా మూర తెంపి కంప్రెసరుకు చుట్టింది. హ్యాండిల్ వదిలేశాను.

"మునిరత్నా, ఈడికి రా," అన్నాను.

"ఏందయ్యా, ఇప్పుడేం తప్పు చేసినాను."

"ఆ రంగు ఎట్లుండాదో చూసి చెప్పు."

ఆమె బుట్ట దించలేదు. "పూలు కట్టుకునేదాన్ని. నాకేం తెలుస్తాది," అంది. పొద్దున నేనన్న మాట, అక్షరం పోకుండా దాచిపెట్టుకుని తెచ్చి నా చేతిలో పెట్టింది. తీసుకున్నాను. బుట్ట నేనే దించి కింద పెట్టాను. ఆమె కుడి చేయి పట్టుకుని, వేళ్ళు మడిచి, మధ్యలో సందు వచ్చేట్టు గుప్పిట చేసి, కంటి దాకా ఎత్తాను. పూల తడికి చల్లగా ఉంది ఆ చేయి. ఆమె చిన్నపిల్లలా నిలబడింది.

"ఏ కన్ను మూసుకోవాల?" అని అడిగింది.

ఎడమది అనబోయాను. నోటి దాకా వచ్చింది. "ఏదీ మూసుకోవద్దు," అని నేను మడిచిన గుప్పిట నేనే విప్పేశాను. "రెండూ తెరిచి చూడు."

బుట్టలో పూలు ఏరేటప్పుడు చూసినట్టే చూసింది. వంగి డబ్బా చూసింది, నిలబడి ట్యాంకు చూసింది, అవతలికి పోయి రెండో డబ్బా చూసింది. "డబ్బాలు ఈ పొద్దు కోసిన రోజాపూలు," అంది. "ట్యాంకు నిన్న అమ్ముడుపోకుండా మిగిలింది."

ఆమె నా కుడి కంటివైపు చూసింది, ఎర్రబడి నీరు కారుతున్న కన్ను, కాని ఉగాది నుంచి చెప్తున్న మాట ఈసారి చెప్పలేదు. బుట్ట పక్కన కూలబడి విడిపూలు ఒళ్ళో వేసుకుని కట్టడం మొదలుపెట్టింది. రోడ్డవతల చెంగల్రాయుడు లేచాడు. గడియారం చూసుకున్నాడు, ఇంకో నిమిషం నిలబడ్డాడు, రాహువు పూర్తిగా పోయాడని నమ్మకం కుదిరాక తువ్వాలు దులుపుకుని రోడ్డు దాటాడు. బండి నీడలోకి తోయలేదు నేను. ఎండలోకే లాగాను. గుడ్డ కూడా మళ్ళీ కప్పలేదు.

"సరిపోలేదప్పా," అన్నాను. "నా కుడి కన్ను పోతా ఉండాది. రంగు నాకు తెలియలేదు."

ఆ మాట ఎవరికైనా చెప్పడం అదే మొదలు. చెంగల్రాయుడు ట్యాంకు చుట్టూ ఒకసారి తిరిగాడు, బెల్లం ముక్క చూసినట్టే తల వాల్చి చూశాడు. మద్రాసు అంటాడని కాచుకుని ఉన్నాను.

"పదిన్నరకే సూసింటే తప్పు రాహుకాలం మీద తోసేసుంటాను," అన్నాడు. "మీ మేస్త్రి కూడా ఆఖర్లో నలుపు కొడతా ఉండె. మాకు తెలీదా ఏంది. ఎవురూ ఆయన్ని అడగలే." తువ్వాలు భుజాన సర్దుకున్నాడు. "సరే. మళ్ళా కొట్టు. అయితే ఈసారి రంగు ఎవురు సూస్తారు?"

మునిరత్నమ్మ వైపు చూశాను. ఆమె తల ఎత్తలేదు, దారం పళ్ళ మధ్య పట్టుకుని ముడి వేస్తోంది.

"ఆమె," అన్నాను.

దారం తెంపి, కట్టిన మాల బుట్టలో చుట్టిపెట్టుకుని, బుట్ట నెత్తికెత్తుకుని అప్పుడు నోరు తెరిచింది. "పూలు అమ్ముడుపోయినాక వస్తాను," అంది నాతో, ఆయనతో కాదు. "అంతదాకా నువ్వు దాన్ని గీకతా ఉండు."

ఉప్పు కాగితం నీళ్ళలో వేశాను.